పళ్ళెంలో కళ్ళు

మొన్న ఒక పెళ్ళి విందులో ఎవరో నా చేతిలో చిన్న ప్లేటు పెట్టి వెళ్ళారు. అందులో రెండు రసగుల్లాలు, పక్కపక్కనే, తెల్లగా, తడితడిగా. ఆ ప్లేటు కుర్చీ కింద పెట్టేసి, వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను. మా ఆయన చూశాడు. పాతికేళ్ళ పైచిలుకు నుంచి ఇది చూస్తూనే ఉన్నాడు. షుగరుకి భయపడుతున్నానని అనుకుంటాడో, కొంత తెలిసే ఊరుకుంటాడో నేను అడగలేదు. ఆయనకి సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

మేం ఖతార్‌లో, దోహా శివార్లలోని ఐన్ ఖాలిద్‌లో ఉన్న రోజులవి. తొంభై ఆరు. ఒక పాత విల్లాకి మధ్యలో గోడ కట్టి రెండు పోర్షన్లు చేశారు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మగవాళ్ళిద్దరిదీ గ్యాస్ ప్లాంటు కడుతున్న రాస్ లఫాన్‌లో పనే. మా ఆయన ఇంజినీరు, పక్క పోర్షన్ ఆయన స్టోర్స్‌లో. శనివారం తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ గురువారం సాయంత్రం రావడమే. మధ్యలో అల్ ఖోర్ దగ్గర క్యాంపులో ఉండేవారు. ఆ రోజులన్నీ విల్లాలో మేమిద్దరం ఆడవాళ్ళం, నలుగురు పిల్లలు, పాత ఏసీల మోత.

పక్క పోర్షన్ ఆవిడ మొదటిరోజే నన్ను వదినగారూ అంది. నేనూ వదినా అన్నాను. తేడా ఒక్కటే, ఆవిడ చివరిదాకా మీరు అనే పిలిచింది, నేను మొదటి గంటలోనే నువ్వులోకి దిగిపోయాను. "లగేజీ ఎక్కువైపోద్దని మర్యాద హైదరాబాదులోనే దించేసొచ్చారా వదినగారూ?" అని ఏడిపించేది. "మీ దిక్కు నోట్ల గారు, కడుపుల ఏముందో దేవునికెరుక" అని నేను తిప్పికొట్టేదాన్ని. నాకు నోరు ఎక్కువ. అది మా పుట్టింటివాళ్ళకి, పనివాళ్ళకి, మా ఆయనకి, అందరికీ తెలిసిన సంగతే.

వదిన ఇంట్లో బట్టలు కుట్టేది. జాకెట్లు, పిల్లల ఫ్రాకులు, మలయాళీ నర్సుల యూనిఫాంలు. మనిషి చిన్నది, కళ్ళు మాత్రం పెద్దవి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆ కళ్ళు దగ్గరికొచ్చి ఒక్కక్షణం ఆగేవి, అంతే, దారం అవతలకి వచ్చేసేది. నేను చదివింది బొమ్మలు. హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ డిగ్రీ, ఆ తర్వాత రెండేళ్ళు నిర్మల్ బొమ్మలవాళ్ళ దగ్గర చెక్కమీద పని నేర్చుకున్నాను. ఆ పైన పెళ్ళి. దోహాకొచ్చేసరికి నా కుంచెలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఎండిపోయి ఉన్నాయి. నా చదువంతా పప్పుచారులో కలిసిందని రోజుకోసారైనా అనుకునేదాన్ని.

అప్పట్లో దోహాలో చర్చి లేదు, పైకి తెలిసేలా ప్రార్థనలకి అనుమతీ లేదు. సెలవు శుక్రవారం కాబట్టి వాళ్ళ ఆదివారం శుక్రవారమే వచ్చేది. వదిన హాల్లో ఇరవైమంది దాకా తెలుగు ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు, చెప్పులు కూడా లోపలే పెట్టుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకునేవారు. ఎప్పుడో ఒకసారి ఒక ఫాదర్ వచ్చి పూజ చేసేవారు. గోడమీద పటాలేవీ ఉండేవి కావు. ఉన్నదల్లా ఒక చిన్న సిలువ. ప్రార్థన అయిపోగానే దాన్ని కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల పక్కన పెట్టేసేది.

ఆ నవంబరులో మా ఆయన పై అధికారి భార్య, ఇటలీ ఆవిడ, నాకు ఒక పుస్తకం ఇచ్చింది. నేను బొమ్మలు చదువుకున్నానని ఏదో విందులో విని, పాపం, అడక్కుండానే ఇచ్చింది. ఐదారు వందల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో చెక్కపలకల మీద వేసిన పునీతుల బొమ్మలు. బంగారు నేల, దానిమీద నిలబడ్డ మనిషి, మనిషి చేతిలో ఏదో ఒక వస్తువు. అక్షరం ముక్క ఇంగ్లీషు లేదు, అంతా ఇటాలియనే. నేనూ వదినా మా వంటింటి బల్లమీద ఆ పుస్తకం వేసుకుని ఒక పొద్దంతా కూర్చున్నాం.

తాళంచెవులు పట్టుకున్న ముసలాయన్ని వదిన వెంటనే పోల్చింది. "పేతురుగారు. ప్రభువు ఆయనకి పరలోకం తాళాలిచ్చాడు." లిల్లీపువ్వు, చంటిబిడ్డ ఉన్నాయన అంతోనివారు. ఆ తర్వాత ఆవిడకీ తెలియలేదు. ఇనపకమ్మీల చట్రం పట్టుకున్నాయన్ని చూసి "కబాబుల హోటలాయన" అన్నాను. పటకారులో పన్ను పట్టుకున్న అమ్మాయిని పళ్ళ డాక్టరును చేశాను. చక్రం పక్కన నిలబడ్డామెకి కుట్టుమిషను చక్రం విరిగిందని వదిన అంది. ఒంటినిండా బాణాలున్న కుర్రాణ్ణి చూసి మాత్రం ఇద్దరం నవ్వలేదు. అయినా పేతురుగారి తాళాల లెక్కే మా బుర్రల్లో ఉంది. చేతిలో ఉన్నది దేవుడిచ్చిన వరమో, దేవుడికిచ్చే కానుకో అయి ఉండాలి.

అప్పుడు ఆ పేజీ వచ్చింది. ఆకుపచ్చ దుప్పటి కప్పుకున్న పడుచుపిల్ల. అరచేతిలో చిన్న పళ్ళెం. పళ్ళెంలో రెండు కళ్ళు.

"కళ్ళ మొక్కు!" ఇద్దరం ఒకేసారి అన్నాం.

మాకు అది ఇంకోలా కనిపించే వీలే లేదు. మా నానమ్మకి అమ్మవారు పోసి కళ్ళు మూతపడితే, చూపొచ్చాక పోచమ్మకి వెండి కళ్ళు చేయించి పెట్టింది. వదిన వాళ్ళ నాన్నకి శుక్లాలు తీశాక గుణదల కొండెక్కి మరియమ్మకి వెండి కళ్ళు సమర్పించి వచ్చారట. అక్కడ కొండకింద కొట్లలో కళ్ళు, చేతులు, కాళ్ళు, చిన్న ఇళ్ళు రేకు మీద కొట్టి అమ్ముతారని, చిన్నప్పుడు వాటితో ఆడుకోవాలని ఏడ్చేదాన్నని చెప్పింది. ఇంకేముంది. ఈ పిల్లకి ఏదో కంటిజబ్బు చేసింది, నయమైంది, పళ్ళెంలో కళ్ళు పెట్టుకుని మొక్కు తీర్చుకోడానికి వెళుతోంది. కింద పేరు నేను కూడబలుక్కుని చదివాను. వదిన ముఖం వెలిగింది. "లూసియమ్మగారు! పునీతుల ప్రార్థనలో ఈమె పేరు పిలుస్తాం వదినగారూ. కథ మాత్రం ఎవరూ చెప్పలేదు."

వారం తిరక్కుండా వదిన సూదిలో దారం ఎక్కించలేకపోయింది. కుడికంట్లో ఏవో మెరుపులు మెరుస్తున్నాయంది. నల్లటి ఈగల్లా ఏవో ఎగురుతున్నాయంది. ఎడమకన్ను మూసి, తెరిచి, మళ్ళీ మూసి చూసుకునేది. ఆస్పత్రికి నేనే తోడు వెళ్ళాను. సూడాన్ డాక్టరు చాలాసేపు కంట్లో దీపం వేసి చూశాడు. కంటి వెనక పొరకి చిరుగు పడిందని, ఇంకా ఊడలేదు గనక ఇప్పుడే ఆపరేషన్ చేస్తే చూపు నిలుస్తుందని, పూర్తిగా ఊడితే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాలని చెప్పాడు. ఇక్కడైనా సరే, ఇండియాలోనైనా సరే, ఆలస్యం మాత్రం వద్దన్నాడు.

ఇక్కడ చేయించుకుంటే పిల్లల్ని ఎవరు చూస్తారు, హైదరాబాదులో అయితే అమ్మ వచ్చి ఉంటుంది అంది వదిన. వాళ్ళాయన క్యాంపు నుంచి ఫోన్లు చేసి, ఆ శనివారానికి టిక్కెట్లు సంపాదించాడు. నేను పెట్టె సర్దడానికి వెళ్ళాను. వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, పెట్టె తెరవనేలేదు.

"వదినగారూ, లూసియమ్మగారి పండగ పదమూడో తారీఖు. మా అమ్మని ఫోన్లో అడిగాను. ఈ ఏడు శుక్రవారమే పడింది చూశారా? మన పూజ రోజు."

"అయితే?"

"తొమ్మిదిరోజులు నవదిన ప్రార్థన చేసుకుంటాను. తొమ్మిదోరోజు ఆవిడ పటం పెట్టి మొక్కు చెల్లించి, పద్నాలుగున బయల్దేరతాను. ఒక్క వారమే కదా ఆలస్యం. పటం మీరు వెయ్యాలి."

ఆ డాక్టరు మాట నేనూ విన్నాను. పక్కన నిలబడి, తలూపుతూ విన్నాను. నా నోటికి ఎవరైనా భయపడతారు, ఆ రోజు ఒక్క అరుపు అరిచి ఉంటే వదిన పెట్టె సర్దుకునేది. అరవలేదు. ఎందుకంటే ఆవిడ పటం అనగానే నా మనసు అప్పుడే చెక్క ఎక్కడుందో వెతకడానికి వెళ్ళిపోయింది. ఏడేళ్ళయింది నన్నెవరైనా బొమ్మ వెయ్యమని అడిగి.

"పొయ్యేటిదైతే ముందుగాల పోయి రా" అని మాటవరసకి అన్నాను. ఆవిడ వద్దంది. నాకు లోపల సంతోషమైంది.

షెల్ఫు చేస్తానని మా ఆయన రాస్ లఫాన్ నుంచి తెచ్చి వరండాలో పడేసిన యంత్రాల పెట్టె చెక్క ఉంది. పఠాన్ వడ్రంగి దాన్ని జానెడున్నర వెడల్పున కోసి ఇచ్చాడు. నన్ను బాజీ, అంటే అక్కా అని పిలుస్తూ, ఏం చేస్తావని హిందీలో అడిగితే షెల్ఫు అన్నాను. సుద్దపొడి, జిగురు కలిపి నాలుగు పూతలు పూసి, ఆరాక గరుకుకాగితంతో రుద్దాను. నిర్మల్లో చింతగింజల జిగురుతో చేసిన పనే, వేళ్ళు మర్చిపోలేదు. బంగారం ఎక్కడ తేవాలి? పాకిస్తానీ మిఠాయి దుకాణంలో స్వీట్ల మీద అంటించే వెండి వరఖు తెచ్చి అతికించి, మీద పసుపు వార్నిషు పూస్తే బంగారమే అయి కూర్చుంది. ఇటలీ ఆవిడ ఫోన్లో చెప్పిన ప్రకారం రంగులు గుడ్డుసొనలో కలిపాను. మా అత్తగారింట మూడు తరాలుగా గుడ్డు గడప తొక్కలేదు. గుడ్లు వదిన ఫ్రిజ్‌లోంచి వచ్చేవి. సొనని అరచేతిలో ఆరబెట్టి, వేళ్ళతో పైకెత్తి, పొరకి సూదిమొన తగిలిస్తే లోపలిది గిన్నెలోకి జారేది. పొర వేళ్ళకే మిగిలేది.

పుస్తకంలోని ముఖం నేను వెయ్యలేదు. వదిననే కూర్చోబెట్టాను. పిల్లలు బడికి వెళ్ళాక, కిటికీ పక్కన, ఆకుపచ్చ చున్నీ కప్పి, ఒక స్టీలు పళ్ళెం చేతికిచ్చి. "నేనేంటి, పునీతురాలేంటి వదినగారూ, పాపం తగులుద్ది" అని సిగ్గుపడింది గానీ కూర్చుంది. పళ్ళెంలో కళ్ళకి కూడా నమూనా కావాలిగా. దగ్గరికి జరిగి, ఆవిడ గడ్డం పట్టుకుని, ఒక్కో కన్నూ చూసి వేశాను. కుడికన్ను బయటికి మామూలుగానే ఉంది, ఇంకాస్త అందంగా కూడా ఉంది. నేను చూస్తున్నంతసేపూ ఆ కన్ను నన్నెంత చూసిందో తెలియదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముఖానికి కళ్ళు అన్నిటికన్నా చివర్న పెడతాం. కళ్ళు పెడితే బొమ్మకి ప్రాణం వచ్చినట్టు. కాబట్టి సోమవారానికి నా పటంలో బంగారం అయింది, చున్నీ అయింది, పళ్ళెంలో రెండు కళ్ళూ అయ్యాయి. వదిన ముక్కు, పెదవులు, చెంప, అన్నీ అచ్చం వచ్చాయి. కళ్ళ చోటు మాత్రం తెల్లసుద్ద.

ఆ సోమవారం మధ్యాహ్నం ఇటలీ ఆవిడ కారేసుకుని వచ్చింది, పుస్తకం కోసం. పటం చూసింది. నవ్వుతూ వచ్చిన మనిషి ఆగిపోయి, ఛాతీమీద సిలువ గుర్తు వేసుకుంది. ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ నడక నేర్చుకుంటున్న ఇంగ్లీషులే. అయినా ఆ రోజు అన్నీ అర్థమయ్యాయి.

"ఇలా ఎవరూ వెయ్యరు. ఇది చాలా భయంకరంగా ఉంది" అంది. "చాలా నిజంగా కూడా ఉంది."

నేను కళ్ళు ఆఖర్న పెట్టడం మా పద్ధతి అని చెప్పాను. పళ్ళెంలోవి వెండివని, మొక్కుకున్న కానుక అని చెప్పాను.

ఆమె నా ముఖం చూసి, తల అడ్డంగా ఊపింది. "వెండివి కావు. ఆమెవే. రాజు మనుషులు పీకేశారు."

తర్వాత నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పింది. ఇనపచట్రం పట్టుకున్నాయన్ని దానిమీదే కాల్చారు. పటకారు పట్టుకున్నమ్మాయికి దానితోనే పళ్ళన్నీ ఊడబెరికారు. చక్రానికి కట్టి చంపాలని చూసింది ఆ చక్రం పక్కనున్నామెనే. చదువురాని జనం పోల్చుకోడానికి, ఎవర్ని దేనితో హింసించారో అది వాళ్ళ చేతిలో పెట్టి వేసేవారట. మేం నవ్విన ప్రతి పేజీ దగ్గరా ఆమె ఆగింది. మన దేవుళ్ళ చేతిలో ఉండేది శత్రువుని చంపే ఆయుధం. చక్రం, శూలం, గద, ఏది చూసినా ధైర్యం వస్తుంది. తనని చంపినదాన్ని చేత్తో పట్టుకుని అంత నిమ్మళంగా నిలబడతారని నాకెలా తెలుస్తుంది? కన్నప్ప కథ వింటూ పెరిగినదాన్ని, ఆ పళ్ళెంలోవి ఆమె సొంత కళ్ళేమోనని ఒక్కసారి తోచలేదు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, ఆ తర్వాత దేవుడు ఆమెకి కొత్త కళ్ళిచ్చాడని కూడా కొందరు చెబుతారంది. అందుకే ముఖంలో రెండు, పళ్ళెంలో రెండు అంది. మర్చిపోకుండా పెట్టమంది.

ఆమె వెళ్ళాక ఆ గదిలో ఉండలేకపోయాను. కళ్ళులేని వదిన ముఖం, ముందు పళ్ళెంలో వదిన కళ్ళు. నేను వేసినదే నన్ను తరిమింది. పటాన్ని గోడవైపు తిప్పి, వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు తుడిచాను. తుడిచిన స్టవ్వే మళ్ళీ తుడిచాను. వదినకి చెప్పాలి, ఇప్పుడే వెళ్ళి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. మధ్యలో గోడ ఒక్కటే అడ్డం. ఆవిడ మిషను చప్పుడు లేదు, నాలుగురోజులుగా లేదు.

మర్నాడు పొద్దున్నే వదినే వచ్చింది. చెంగు చివర పట్టుకుని నలుపుతోంది.

"కింద నుంచి నల్లగా పొగలాగా లేస్తోంది వదినగారూ. కుడికంట్లో. ఆయనకి ఫోన్లో చెప్తే కంగారుపడిపోయి రేపటి విమానంలో సీట్లు చూశారు, ఉన్నాయంట. బుధవారం. ఎక్కెయ్యమంటున్నారు."

కూర్చోమని కుర్చీ జరిపాను.

"పండగకి ఇంకా మూడ్రోజులే ఉంది. మొక్కు మధ్యలో వదిలేసి ఎలా ఎల్లను? నిన్న ఇటలీ ఆవిడ వచ్చింది కదా, కారు చూశాను. పటం చూసిందా? ఏమంది?"

"బాగుందన్నది" అన్నాను.

"లూసియమ్మగారి కథ ఆవిడకి తెలిసే ఉంటది. అడిగారా? కన్ను నయమైంది కదా వదినగారూ ఆవిడకి?"

ఆ ప్రశ్న అడిగి ఆవిడ రెండు కళ్ళతోనూ నా వైపు చూసింది. నేను ఆ రోజు చెప్పినదాన్ని జాలి అని, ఆశ చంపకూడదనే అలా అన్నానని చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. గోడవైపు తిప్పిన ఆ పటంలో ముఖం నా జన్మలో వేసినవాటన్నిటికన్నా బాగా వచ్చింది. దానికి కళ్ళు పెట్టడం ఒక్కటే మిగిలింది. కూర్చునే మనిషి రేపు విమానం ఎక్కేస్తే అది అలాగే ఉండిపోతుంది. ఇరవైమంది నా బొమ్మని చూసే శుక్రవారం పోతుంది. అంతే. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

"అయింది" అన్నాను. "నయమైంది."

వదిన గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే ఆయనకి చెప్పేస్తాను, శనివారమే ఎల్తానని."

గురువారం మధ్యాహ్నం ముఖానికి కళ్ళు పెట్టాను. వదిన కిటికీ పక్కన కదలకుండా కూర్చుంది. ఎడమకన్ను అయి, కుడికంటికి నల్లగుడ్డు దిద్దుతుండగా ఆవిడ మెల్లగా అంది, "వదినగారూ, ఇవాళ ఈ పక్కన మీరు సగమే కనబడుతున్నారు. నడుం దాకా లేరు." నా చెయ్యి ఆగలేదు. అదే నన్ను ఇప్పటికీ వదలనిది. ఆవిడ ఆ మాట అన్నాక కూడా నా చెయ్యి వణకలేదు. కంటిలో వెలుగు చుక్క పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, బాగుందా లేదా అని చూసుకున్నాను.

శుక్రవారం నేనూ వెళ్ళాను. కొవ్వొత్తులు, కేక్, మల్లెపూలు దొరకవు గనక ప్లాస్టిక్ పూలు. అందరూ పటం ముందు ఒక్కో నిమిషం నిలబడ్డారు. ఒక పెద్దాయన, ఆస్పత్రిలో ల్యాబ్‌లో పనిచేసేవాడు, "అచ్చం మన చెల్లెమ్మలాగే ఉంది" అని కళ్ళు తుడుచుకున్నాడు. వదిన అతి జాగ్రత్తగా నడుస్తోంది, గుమ్మాన్ని చేత్తో పట్టుకుని. నాకు చాలా మెచ్చుకోళ్ళు వచ్చాయి. నా కేక్ ముక్కని ప్లేటుతో సహా కుర్చీ కింద పెట్టేశాను.

శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళింది. మంగళవారం ఆపరేషన్ చేశారు. వాళ్ళాయన క్యాంపు నుంచి ఫోన్ చేసి, పొర మొత్తం ఊడిపోయిందట, మూడు నాలుగు రోజుల ముందొచ్చి ఉంటే వేరే మాట అన్నారట అని చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో ఆయనకి తెలియదు.

వదిన లేని ఆ రెండునెలలూ పక్క పోర్షన్ తాళం నా దగ్గరే ఉంది. మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి లోపలికి వెళ్ళాలి, వెళితే హాల్లో పటం. నాలుగు కళ్ళూ నేను గుమ్మంలో అడుగుపెట్టగానే పట్టుకునేవి, వరండాలోకి వెళ్ళేదాకా వదిలేవి కావు. బొమ్మ కళ్ళు మన వెంట తిరిగినట్టు ఉండటానికి నల్లగుడ్డు ఎక్కడ దిద్దాలో నాకు చేతనైన విద్యే. ఆ సంగతి తెలిసీ భయం తగ్గలేదు. రెండోవారానికి వాటి ముందునుంచి వెళ్ళడం మానేసి, వెనకవైపు పిట్టగోడ మీంచి పైపు వేసి మొక్కలు తడిపాను. పక్క విల్లాలోని ఫిలిప్పీన్స్ పిల్ల చూసి నవ్వింది.

ఫిబ్రవరిలో వదిన తిరిగొచ్చింది. కుడికన్ను కొంచెం చిన్నదయింది, లోపల బియ్యం కడిగిన నీళ్ళలా బూడిదరంగు. కుట్టడం మానలేదు గానీ సూదిలో దారం ఎక్కించడానికి పెద్దపిల్లని పిలిచేది. నన్ను చూసి మామూలుగానే నవ్వింది, హైదరాబాదు నుంచి నాకోసం కుంచెలు తెచ్చింది. నా కోసం, కుంచెలు! ఆ పొట్లం విప్పకుండా రెండు రోజులు ఉంచుకుని, మూడోరోజు పొద్దున పిల్లలు వెళ్ళాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి మొత్తం చెప్పేశాను. పళ్ళెంలోవి కానుక కాదని, పీకేసిన కళ్ళని, ఆ సంగతి నాకు సోమవారమే తెలుసని, మంగళవారం ఆవిడ అడిగినప్పుడు తెలిసే అబద్ధం ఆడానని. నా బొమ్మ కోసమని కూడా చెప్పాను. ఎప్పుడూ గలగలా వచ్చే మాట ఆ రోజు ముక్కముక్కగా వచ్చింది.

వదిన స్టవ్వు దగ్గర నిలబడి విన్నది. టీ పొంగుతుంటే మంట తగ్గించింది.

"పీకేశాక?" అని అడిగింది. "ఆవిడ అలానే చచ్చిపోయిందా?"

"దేవుడు మళ్ళ కొత్త కళ్ళిచ్చిండని అంటరట కొందరు. అందుకే ముఖంల గూడ ఉంటయట."

"అయితే మీరు చెప్పింది మరీ అబద్ధం కాదు వదినగారూ. నయమైనట్టే కదా." చిన్నగా నవ్వింది కూడా. నా ఛాతీమీద రెండు నెలలుగా కూర్చున్నదేదో లేచి నిలబడింది. ఏడుపొచ్చింది. ఆవిడ తన కొంగు నాకిచ్చింది.

తర్వాత కప్పుల్లో టీ పోసింది. ఒక చేత్తో కప్పు అంచు తడిమి పట్టుకుని, గిన్నె మూతి దానికి ఆనించి. ఒక కప్పు నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాపి కిటికీ రెక్క దగ్గరికి వేసింది. పక్క ఖాళీ స్థలంలో గాలికి ఇసుక లేస్తోంది.

"కానీ వదినగారూ," అంది, అదే గొంతుతో, "కళ్ళు పీకేశారని ఆ మంగళవారం చెప్పుంటే నాకు భయమేసేది. భయమేస్తే బుధవారం విమానం ఎక్కేసేదాన్ని."

నేను కప్పుని బల్లమీద అటూ ఇటూ తిప్పాను.

"టీ చల్లారిపోద్ది, తాగండి" అంది.

తాగాను.